బరువైన మెషిన్లు: జరపడం తేలికవ్వాలి, పనిలో మాత్రం కదలకూడదు – తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. వీటిలో సగానికి పైగా నేను తప్పు చేసి నేర్చుకున్నవే. ముందే ఒక మాట చెప్పేస్తాను. మెషిన్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం వరకే చక్రం పని. చేరాక మెషిన్ బరువు చక్రం మీద ఉండకూడదు. కింద రాసినదాంట్లో చాలా భాగం ఈ ముక్కకు వివరణే.

అసలు మెషిన్‌కు చక్రాలెందుకు? ఒకచోట పెట్టేస్తే పోదా?

చోటు పుష్కలంగా ఉంటే నిజంగానే పోతుంది. ఇబ్బందల్లా ఇరుకు గదుల్లోనే. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటును టేబుల్ సా (బల్లకు అమర్చిన గుండ్రటి రంపం) మీద నిలువునా కోయాలంటే రంపానికి ముందు ఎనిమిదడుగులు, వెనక ఎనిమిదడుగులు ఖాళీ ఉండాలి. చిత్రిక పట్టే ప్లేనర్‌కూ అంతే. పొడవైన చెక్క ఒకవైపు నుంచి లోపలికెళ్లి ఇంకోవైపు బయటికి రావాలి. రోజుకు పావుగంట వాడే మెషిన్ కోసం గది నడిమధ్యనంతా ఖాళీగా వదిలేయలేం కదా. గోడవార ఉంచి, పనున్నప్పుడు ముందుకు లాక్కోవడం ఒక్కటే దారి. ఊడ్చుకోవడం కూడా తేలికవుతుంది. మెషిన్ వెనక పేరుకున్న పొట్టునూ ఇనుప రజనునూ ఏళ్ల తరబడి చూడకపోవడం చాలా వర్క్‌షాపుల్లో మామూలే.

బ్రేకులున్న చక్రాలు దొరుకుతున్నాయిగా. బ్రేకు వేసేస్తే సరిపోదా?

అందరూ ముందు అడిగేది ఇదే. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి డ్రిల్లింగ్ మెషిన్ స్టాండుకు నాలుగు బ్రేకు చక్రాలు బిగించి సంబరపడ్డాను. మందపాటి ఇనుప పలకకు 20 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తుంటే, బిట్ అవతలికి దిగే క్షణంలో పలకను పట్టేసి స్టాండంతటినీ వేలెడు దూరం పక్కకు తిప్పేసింది. కిందికి చూస్తే నాలుగు బ్రేకులూ వేసే ఉన్నాయి.

ఎందుకలా జరిగిందో తర్వాత అర్థమైంది. అన్ని వైపులకూ తిరిగే క్యాస్టర్ చక్రాన్ని పక్క నుంచి చూడండి. పైన ప్లేటు తిరిగే కీలు ఒకచోట ఉంటుంది, చక్రం ఇరుసు దానికి కాస్త వెనగ్గా ఉంటుంది. ఆ తేడా ఉండబట్టే మనం ఎటు తోస్తే చక్రం అటు తిరిగి వెనకాలే వస్తుంది. మామూలు బ్రేకు చక్రం దొర్లకుండా మాత్రమే ఆపుతుంది, పైనున్న కీలును ఆపదు. దాంతో చక్రం ఉన్నచోటే ఉన్నా మెషిన్ ఆ తేడా మేరకు అటూ ఇటూ ఊగగలదు. చక్రాన్నీ కీలునూ రెండింటినీ కలిపి బిగించే రకం బ్రేకులూ ఉన్నాయి, అవి ఈ లోపాన్ని సరిచేస్తాయి. అయినా ఇంకో రెండు వదులులు మిగులుతాయి. కీలులోని బాల్స్ మధ్య ఉండే సందు ఒకటి, చక్రం చుట్టూ ఉన్న మెత్తటి పొర నొక్కుకుపోవడం రెండోది. ఒక్కొక్కటి చూస్తే కొంచెమే. నాలుగు చక్రాల్లోనూ కలిస్తే మెషిన్ తల దగ్గర చేత్తో ఊపితే తెలిసేంత ఊగు వస్తుంది.

పనిముట్ల ట్రాలీకి, చిన్న శాండర్‌కు, తేలికపాటి డ్రిల్లింగ్‌కు మంచి బ్రేకు చక్రాలు చాలు. అంతకు మించిన పనికి చాలవు.

మరి చక్రాల మీద నుంచి దించి కాళ్ల మీద నిలబెట్టే పద్ధతులేంటి?

అన్నిటికంటే సులువైనది బోల్టు కాలు. ఫ్రేమ్ నాలుగు మూలల్లో చక్రం పక్కనే నట్టు వెల్డింగ్ చేసి, అందులో ఎం 16 (16 మిల్లీమీటర్ల మందం) బోల్టు దించి, బోల్టు అడుగున రబ్బరు ప్యాడ్ ఉన్న గుండ్రటి పాదం పెట్టాలి. ఎం 16 మామూలు మరకు ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు దిగుతుంది. పాదం నేలకు ఆనాక ఇంకో రెండు చుట్లు తిప్పితే చక్రం గాల్లోకి లేస్తుంది. నిలకడలో దీన్ని మించింది లేదు. కాకపోతే జరిపిన ప్రతిసారీ స్పానర్ పట్టుకుని నాలుగు మూలలా వంగాలి. వారం రోజులు శ్రద్ధగా చేస్తారు, ఆ తర్వాత బద్ధకించి చక్రాల మీదే మెషిన్ నడిపేస్తారు. అందుకే నెలకోసారి కదిలే మెషిన్‌కే ఇది నప్పుతుందని నా అభిప్రాయం.

రోజూ జరిపేదానికి పెడల్ రకం మేలు. కాలితో తొక్కితే చక్రాలు కిందికి దిగి మెషిన్‌ను కొద్ది మిల్లీమీటర్లు పైకి లేపుతాయి. పెడల్ ఒక దశ దాటాక తనంతట తనే బిగుసుకుని అక్కడే నిలుస్తుంది. వెనక్కి తన్నితే మెషిన్ మళ్లీ కాళ్ల మీదికి దిగుతుంది. లేచేది కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి నేల ఎగుడుదిగుడుగా ఉంటే కాళ్లు రాసుకుంటూ వస్తాయి, అది చూసుకోవాలి.

నాకు బాగా నచ్చింది తోపుడుబండి పద్ధతి. ఒక చివర కాళ్ల పక్కనే పక్కకు తిరగని రెండు స్థిర చక్రాలు, రెండో చివర కాళ్లు మాత్రమే. మెషిన్ నిటారుగా ఉన్నప్పుడు చక్రాలు నేలకు రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఊరికే వేలాడుతుంటాయి. చక్రాలు లేని చివరను పొడవాటి హ్యాండిల్‌తో లేపితే మెషిన్ కొద్దిగా వాలి, బరువు చక్రాల మీద పడుతుంది. 200 కిలోల మెషిన్‌కు ఒక చివర లేపడమంటే దాదాపు 100 కిలోలు లేపడం. హ్యాండిల్ పొడవు ఒకటికి అయిదు పాళ్లుంటే చేతికి తెలిసేది 20 కిలోలు. ఇందులో బ్రేకు లేదు, స్ప్రింగు లేదు, పాడయ్యేది ఏదీ లేదు. హ్యాండిల్ వదిలేస్తే మెషిన్ దానంతట అదే కాళ్ల మీద నిలబడుతుంది, మర్చిపోయే అవకాశమే ఉండదు.

చక్రంలోనే పాదం కలిసి వచ్చే క్యాస్టర్లూ ఉన్నాయి. పక్కనున్న పళ్ల చక్రాన్ని వేలితోనో స్పానర్‌తోనో తిప్పితే మధ్యలోంచి పాదం దిగుతుంది. పని బాగానే చేస్తాయి, కానీ వీటి చక్రాలు సాధారణంగా చిన్నవి. నున్నటి నేల మీదే సుఖం.

ఎంత బరువు మోసే చక్రాలు కొనాలి?

మెషిన్ బరువును నాలుగుతో కాదు, మూడుతో భాగించండి. నేల ఎక్కడా అద్దంలా ఉండదు. కదిలేటప్పుడు ఏదో ఒక చక్రం గాల్లోకి లేస్తూనే ఉంటుంది, ఆ క్షణంలో మోసేవి మూడే. 400 కిలోల మెషిన్‌కు లెక్క 133 వస్తుంది, 150 కిలోలవి తీసుకోవచ్చు. నేనైతే 200 కిలోలవి తీసుకుంటాను, ఎందుకంటే చక్రం గుంతలో పడినప్పుడు తగిలే దెబ్బ నిలువు బరువు కంటే ఎక్కువ. మెషిన్ మీద ఉండే వైస్ (ముక్కను బిగించి పట్టేది), పనిముక్క, అడుగు అరలో దాచే సామాను బరువు కలపడం మర్చిపోకండి. బరువు అన్ని మూలలకూ సమానంగా పంచుకోదనీ గుర్తుంచుకోండి. లేత్‌లో (ముక్కను గిర్రున తిప్పుతూ చెక్కే మెషిన్) ముక్కను పట్టి తిప్పే హెడ్‌స్టాక్ వైపే ఎక్కువ బరువు. ఆ చివరకు తగిన చక్రాలే రెండో చివరకూ పెట్టడం క్షేమం.

చక్రం ఎంత పెద్దదుండాలి? రబ్బరా, నైలానా?

పెద్దదే మంచిది. దీనికో చిన్న లెక్క ఉంది. నేల మీద 5 మిల్లీమీటర్ల ఎత్తున్న అంచు అడ్డొచ్చిందనుకోండి. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం దాన్నెక్కాలంటే ఆ చక్రం మోస్తున్న బరువులో ముప్పావు వంతు బలంతో తోయాలి. 125 మిల్లీమీటర్ల చక్రానికైతే సగం కంటే తక్కువ, నూటికి 43 పాళ్లు చాలు. నేల మీద పడ్డ ఒక్క చిన్న నట్టు బరువైన మెషిన్‌ను చటుక్కున ఆపేయడం వెనకున్న సంగతి ఇదే.

రబ్బరు చక్రం చప్పుడు చేయదు, నేలను గీయదు. కానీ బరువు మోస్తూ నెలల తరబడి ఒకేచోట నిలబడితే అడుగున చదునైపోతుంది, తర్వాత తోస్తే టకటకా ఎగురుతుంది. నైలాన్ గట్టిది, తేలిగ్గా దొర్లుతుంది, చప్పుడు మాత్రం ఎక్కువ. పాలియురెథేన్ పొర ఉన్న ఇనుప చక్రం రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. ఎక్కువమందికి నేను సూచించేది అదే. లోహం పనిచేసే చోటైతే ఇనుప రజను ఆ పొరలో గుచ్చుకుంటుంది. జరిపే ముందు దారిలో ఒకసారి అయస్కాంతం తిప్పండి.

నాలుగూ తిరిగే చక్రాలే పెట్టమంటారా?

ఇరుకు మూలలోకి అడ్డంగా తోయాలంటే నాలుగూ తిరిగేవి కావాలి. పొడవైన దారిలో తిన్నగా వెళ్లాలంటే రెండు స్థిరం, రెండు తిరిగేవి మేలు. నేల ఏ కాస్త వాలున్నా నాలుగూ తిరిగే మెషిన్ మనం చెప్పిన దారి వదిలి పల్లానికి పోతుంది.

చక్రాలు పెడితే మెషిన్ ఎత్తు పెరిగిపోతుంది కదా?

మెషిన్ కిందే పెడితే పెరుగుతుంది. 125 మిల్లీమీటర్ల చక్రం, దాని పైన ప్లేటు, ఫ్రేమ్ అన్నీ కలిసి పని ఎత్తును జానెడు దాకా పెంచేస్తాయి. భుజాలు నొప్పెడతాయి, మెషిన్ తూగు కూడా చెడుతుంది. అందుకే చక్రాలను మెషిన్ కింద కాకుండా బయట పెట్టాలి. మెషిన్ అడుగు కొలతకు సరిపడా యాంగిల్ ఫ్రేమ్ చేసి మెషిన్‌ను అందులో కూర్చోబెట్టండి. ఫ్రేమ్ నేలకు 15, 20 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. నాలుగు మూలల నుంచి బయటికి చేతుల్లా ముక్కలు చాచి, వాటిని కాస్త పైకి లేపి, చక్రాలను వాటికి తగిలించండి. ఎత్తు పెద్దగా పెరగదు, పైగా ఆధారం వెడల్పవుతుంది. కాళ్లకు తగులుతాయన్నది ఒక్కటే దీని మీద ఫిర్యాదు. మనం నిలబడి పనిచేసే వైపు చేతులు చాచకుండా పక్కలకు తిప్పుకుంటే ఆ బాధా తగ్గుతుంది.

డ్రిల్లింగ్ మెషిన్, బ్యాండ్ సా లాంటి పొడవాటివి తోసేటప్పుడు పడిపోతాయేమోనని టెన్షన్. ఏం చేయాలి?

ఆ టెన్షన్ ఉండాల్సిందే. మోటారు, తల అంతా పైన, సన్నటి కాళ్లు కింద. బడిలో గరిమనాభి అని చదువుకున్నామే, ఇక్కడ అది నడుము ఎత్తులోనో అంతకంటే పైనో ఉంటుంది.

200 కిలోల డ్రిల్లింగ్ మెషిన్ తీసుకుందాం. అడుగు వెడల్పు 50 సెంటీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకు 25. నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తులో చెయ్యి పెట్టి తోశారు, కింద చక్రం ఏదో అడ్డుకుని ఆగింది. మెషిన్ ఒరగడానికి ఎంత బలం చాలు? 200ను 25తో గుణించి 125తో భాగిస్తే 40 కిలోలు. పెద్ద మనిషి కాస్త ఒంటిబరువు వేసి ఆనుకుంటే వచ్చే బలమే అది. అదే మెషిన్‌ను 60 సెంటీమీటర్ల ఎత్తులో పట్టి తోస్తే 83 కిలోలు కావాలి. కింద పట్టుకుని తోయమని చెప్పేది ఇందుకే.

ఇప్పుడు బయటికి చాచిన చేతులతో ఆధారాన్ని 70 సెంటీమీటర్లకు పెంచండి. పైనుంచి తోసినా 56 కిలోలు కావాలి. గరిమనాభి ఒక మీటరు ఎత్తులో ఉందనుకుంటే, ఇదివరకు 14 డిగ్రీలు ఒరిగితే పడిపోయే మెషిన్ ఇప్పుడు 19 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వెడల్పు పెంచే చోటు లేకపోతే అడుగున బరువు వేయండి. నేలకు పది సెంటీమీటర్ల ఎత్తులో 50 కిలోల ఇనుమో ఇసుక బస్తానో కడితే గరిమనాభి మీటరు నుంచి 82 సెంటీమీటర్లకు దిగుతుంది. బరువు పెరిగింది కదా అని బాధపడకండి, చక్రాలు కొనేటప్పుడు దాన్నీ లెక్కలో కలుపుకుంటే చాలు.

ఒకవేళ ఒరిగిందా, చేతులడ్డం పెట్టకండి. వదిలేసి పక్కకు తప్పుకోండి. మెషిన్‌ను మళ్లీ బాగుచేసుకోవచ్చు.

మూడు కాళ్లైతే ఎప్పుడూ ఊగదంటారు. మూడే పెట్టొచ్చా?

ఊగదన్నది నిజం. ఏ మూడు బిందువులైనా ఒకే తలం మీద ఉంటాయి కాబట్టి ముక్కాలిపీట ఎలాంటి నేల మీదైనా కుదురుతుంది. కానీ అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. 60 సెంటీమీటర్ల చదరపు ఫ్రేమ్‌కు నాలుగు కాళ్లుంటే మధ్య నుంచి అంచుకు దూరం 30. ముందు రెండు కాళ్లు తీసేసి మధ్యలో ఒక్కటే పెడితే ఏటవాలు అంచుకు దూరం 13 చిల్లరకు పడిపోతుంది. ఊగు పోయి ఒరుగు వచ్చింది. పొట్టిగా, వెడల్పుగా, బరువంతా కిందే ఉన్న మెషిన్‌కు మూడు కాళ్లు భేషుగ్గా ఉంటాయి. పొడవాటిదానికి నాలుగు పెట్టి, నాలుగోదాన్ని బోల్టుతో సర్దుకోవడమే మంచిది.

ఫ్రేమ్ ఇనుముతోనా, చెక్కతోనా?

వెల్డింగ్ చేయగలిగితే ఇనుమే. చిన్న మెషిన్లకు 40 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్నది సరిపోతుంది. వెల్డింగ్ అయ్యాక ఫ్రేమ్ కాస్త మెలితిరగడం మామూలే కాబట్టి ముందు అన్ని మూలలా చుక్క వెల్డింగ్ వేసి, మూల నుంచి మూలకు కొలిచి చూసి, ఆ తర్వాతే పూర్తిగా అతకండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు అతికించి చేసిన పీట కూడా 100, 150 కిలోల దాకా బాగానే పనిచేస్తుంది. చక్రాలకు స్క్రూలు కాకుండా అటు నుంచి ఇటు దూరే బోల్టులు, కింద వెడల్పాటి వాషర్లు వాడండి.

లేత్‌కు చక్రాలు పెట్టొచ్చా?

బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్ అయితే బల్లకు పెట్టుకోండి, అడ్డు లేదు. పెద్దదానికి నేను వద్దంటాను. కారణం ఒరుగుతుందని కాదు. లేత్ బెడ్ (మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి దిమ్మ) చూడ్డానికి ఎంత గట్టి పోత ఇనుములా ఉన్నా, కింద కాళ్లు ఎక్కువతక్కువగా ఉంటే సన్నగా మెలి తిరుగుతుంది. ఆ మెలి కంటికి కనపడదు, తిప్పిన ముక్కలో కనపడుతుంది. ఒక చివర లావు, ఇంకో చివర సన్నం. అందుకే లేత్ అమర్చేటప్పుడు తాపీపనికి వాడే రసమట్టం చాలదు. మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడా చూపించే లెవెల్ పెట్టి రెండు చివరలా అడ్డంగా సరిచూస్తారు. జరిపిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది.

తప్పదంటే ఒక దారి ఉంది. లేత్‌ను మందపాటి గట్టి ఉక్కు ఫ్రేమ్‌కు బిగించి, బెడ్‌ను ఆ ఫ్రేమ్ మీదే ఒకసారి సరిచేసి, ఫ్రేమ్‌ను నేల మీద మూడు చోట్లే ఆనించాలి. అప్పుడు నేల వంకరలు బెడ్ దాకా రావు. ఫ్రేమ్ ఊరికే చేసిన స్టాండులా ఉంటే కుదరదు, లేత్ బెడ్ కంటే గట్టిగా ఉండాలి. జరిపాక ఒక కడ్డీని రెండో చివర టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, హెడ్‌స్టాక్ మీదుండే పట్టు అయిన చక్‌లో పట్టి, రెండు చోట్ల సన్నగా తిప్పి, రెండు వ్యాసాలూ మైక్రోమీటర్‌తో కొలిచి చూడండి. తేడా రాలేదంటే బతికిపోయినట్టే.

నేల వాలుగా ఉంది. నీళ్లు పోవడానికి అలా వేశారు.

వందకు ఒకటి వాలున్న నేల మీద 200 కిలోల మెషిన్‌ను కిందికి లాగేది 2 కిలోల బలమే. చక్రాల రాపిడి దాన్ని ఆపొచ్చు, ఆపకపోవచ్చు. ఇరవైకి ఒకటి వాలైతే 10 కిలోలు. మెషిన్ కదిలిపోతుంది, ఒంటరిగా జరపకండి. నిలబెట్టే చోటు మాత్రం ఒకటో రెండో ఖాయం చేసుకుని, పాదాలు ఆనే దగ్గర పెయింటుతో గుర్తులు పెట్టుకోండి. బోల్టు కాళ్లను ఆ చోటుకు ఒకసారి సర్దితే, ప్రతిసారీ అదే గుర్తుల మీద దించినప్పుడు మళ్లీ సర్దే పని ఉండదు. ఈ చిన్న చిట్కా నాకు తట్టడానికి ఏళ్లు పట్టింది.

ఏడాదికోసారే జరుపుతాను. అయినా చక్రాలు కావాలా?

అక్కర్లేదు. గునపంతో ఒక చివర లేపి కింద మూడు ఇనుప పైపులు పెట్టి దొర్లించడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి. వెనక బయటపడ్డ పైపును తీసి ముందు పెట్టుకుంటూ పోవాలి. లేపిన ప్రతిసారీ కింద చెక్క దిమ్మ తోయండి, వేళ్లు తోయకండి. ప్యాలెట్ ట్రక్ (ఫోర్కులతో బరువు లేపి తోసే చేతిబండి) అందుబాటులో ఉంటే ఇంకా హాయి. దాని ఫోర్కులు కిందికి దించినప్పుడు సుమారు 85 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. మెషిన్ కింద 100 మిల్లీమీటర్ల సందు వచ్చేలా అడ్డ దిమ్మలు ముందే బిగించి ఉంచితే, ఒక్క ట్రక్‌తో వర్క్‌షాపులోని మెషిన్లన్నీ జరుపుకోవచ్చు.

అదురు తగ్గడానికి రబ్బరు ముక్కలు వేయాలా?

కంప్రెసర్‌కు వేయండి. ప్లేనర్‌కు, టేబుల్ సాకు పలచటి గట్టి రబ్బరు చాలు, అది అదురు కోసం కాదు, జారకుండా ఉండటానికి. మెత్తటి మందపాటి రబ్బరు వేస్తే మెషిన్ దాని మీద ఊగుతుంది, చక్రాల బాధ తప్పించి అదే బాధను ఇంకో రూపంలో తెచ్చుకున్నట్టు.

జరిపే ముందు ఏమేం చూసుకోవాలి?

ప్లగ్గు తీశారా అన్నది మొదటిది. నవ్వకండి, వైరు లాక్కుంటూ వెళ్లి సాకెట్ ఊడదీసినవాళ్లు ఉన్నారు. వైరు చక్రం కింద పడకుండా మెషిన్‌కే చుట్టి పెట్టండి. త్రీఫేజ్ మెషిన్‌ను వేరే సాకెట్‌కు తగిలిస్తే ఫేజుల వరుస మారి మోటారు వెనక్కి తిరగొచ్చు. ఒక్క క్షణం ఆన్ చేసి ఎటు తిరుగుతోందో చూశాకే పని మొదలుపెట్టండి. కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) ట్యాంకు నిండుగా ఉంటే తీసేయండి, లేకపోతే సగం గదిని దాంతోనే కడిగినట్టవుతుంది. మిల్లింగ్ మెషిన్ అయితే టేబుల్ మోసే భాగాన్ని పూర్తిగా కిందికి దించండి. జరిగే భాగాలన్నీ బిగించండి.

కాళ్ల మీద సరిగ్గా నిలబడిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రతి పాదం కిందా ఒక కాగితం ముక్క పెట్టి మెషిన్‌ను దించండి. ఏ కాగితం లాగితే వచ్చేస్తుందో ఆ పాదం బరువు మోయట్లేదన్నమాట. ఆ బోల్టును కాగితం బిగిసేదాకా తిప్పండి, అంతకు మించి వద్దు. మించితే పక్క మూలల్లో ఒకటి లేస్తుంది. తర్వాత మెషిన్ తల దగ్గర చెయ్యి పెట్టి గట్టిగా ఊపండి. ఆఖరున ఖాళీగా నడిపి టేబుల్ మీద గ్లాసుడు నీళ్లు పెట్టి చూడండి. సన్నటి వణుకు మామూలే. నీళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయంటే ఏదో కాలు ఇంకా వదులుగా ఉంది.